ఆన్‌లైన్ ఆటల్లో మోడ్‌లు: తాళం మేలా, జాబితా మేలా, సొంత సర్వర్ మేలా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఓర్వకల్లు నుంచి బస్సులో వచ్చే ఇంటర్ కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నా దగ్గరికొచ్చాడు. "అన్నా, వాడు ఏందో పెట్టుకున్నాడన్నా. పొద్దున్నుంచి ముప్పై వజ్రాలు తీసినాడు. నాకు మూడు కూడా రాలా." కర్నూల్లో కొండారెడ్డి బురుజు నుంచి నడిచొచ్చేంత దూరంలో ఎనిమిది సిస్టమ్‌లతో చిన్న గేమింగ్ సెంటర్ నాది. దాంతోపాటే బ్లాక్‌లు తవ్వి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటకు ఒక సర్వర్ నడుపుతున్నా. సెలవులొస్తే ఇళ్ల నుంచి ఆడేవాళ్లతో కలిపి పాతికమంది దాకా చేరతారు.

ఎవరికీ అడ్డం రాకుండా చూసే స్పెక్టేటర్‌గా మారి ఆటలోని భూమిలోకి దిగి చూశా. మైనస్ 58 లోతులో ఉంది, ఆ వజ్రాలు తీసిన కుర్రాడి సొరంగం. మామూలుగా వజ్రాల కోసం తవ్వేవాళ్ల సొరంగం దువ్వెనలా ఉంటుంది. మధ్యలో పొడుగ్గా ఒక దారి, దానికి రెండు పక్కలా పళ్లలాగా చిన్న చిన్న దారులు. ఎక్కడుందో తెలియదు కాబట్టి అట్లా వెతుక్కుంటూ పోవాలి. వాడిది ఎలుక బొరియలా ఉంది. నేరుగా పోయి, ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, మూడు బ్లాక్‌లు కిందికి దిగి, వజ్రాలు తీసుకుని, అక్కణ్నుంచి ఇంకోచోటికి అడ్డంగా. ఒక్క బ్లాక్ కూడా ఊరికే తవ్వలేదు.

పిలిచి అడిగితే దాచలేదు. "ఔన్నా, ఎక్స్‌రే ప్యాక్. వద్దని నువ్వు యాడ రాసినావు?"

నేనెక్కడా రాయలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. మోడ్‌ల విషయంలో, అంటే ఆటకు బయటివాళ్లు చేసే మార్పుల విషయంలో, ఏ పద్ధతి న్యాయమని గట్టిగా ఆలోచించడం ఆ రోజే మొదలైంది. లోకంలో ఉన్న పద్ధతులు ప్రధానంగా మూడు. కంపెనీయే అన్నిటికీ తాళం వేయడం ఒకటి. ఇవి వాడొచ్చు, ఇవి వాడకూడదని జాబితా ఇవ్వడం రెండోది. సర్వర్ నడిపేవాళ్లు, ఆడేవాళ్లు కలిసి తేల్చుకోవడం మూడోది. వీటిని పోల్చే ముందు ఎక్స్‌రే అసలు ఎట్లా పనిచేస్తుందో చెప్పాలి. తగువులన్నీ అక్కడే పుడతాయి.

మైన్‌క్రాఫ్ట్‌లో మనం నిలబడినచోట చుట్టూ ఉన్న భూమినంతా, లోపలి వజ్రాలతో సహా, సర్వర్ మన కంప్యూటర్‌కు పంపిస్తుంది. రాయి అడ్డమున్నంతవరకు వజ్రాన్ని చూపించకుండా ఉండేది మన కంప్యూటరే. అంటే గుట్టు మన ఇంట్లోనే ఉంటుంది, తెర మాత్రం వేసి ఉంటుంది. ఎక్స్‌రే ప్యాక్ ఆ తెర తీసేస్తుంది. తుపాకీ ఆటల్లో గోడ అవతలి మనిషిని చూపించే వాల్‌హ్యాక్‌దీ ఇదే దారి. కౌంటర్ స్ట్రైక్ 1.6 రోజుల్లో దీనికి ఇంకో మోటు పద్ధతి ఉండేది. మనిషి బొమ్మ ఉన్న ఫైలు మార్చి దాని ఒంటి నిండా పొడుగాటి మేకులు మొలిపించేవాళ్లు. ఎదుటివాడు గోడ వెనక నక్కినా మేకులు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చేవి. చూడ్డానికి అది ఒక బొమ్మ మార్పు, అంతే. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియాలో మన పిల్లలు బస్సుకు ఆర్టీసీ రంగులు వేసుకోవడమూ బొమ్మ మార్పే. ఒకటి దొంగచూపు, ఇంకోటి ముచ్చట. ఫైలును చూసి ఏది ఏదో చెప్పలేం. అది మన కంటికి కొత్తగా ఏం అందిస్తుందో చూడాలి.

అందుకే నేను మోడ్‌లను మిషన్‌కు సాయం చేసేవి, కంటికి సాయం చేసేవి, చేతికి సాయం చేసేవి అని విడదీసుకుంటా. సోడియం, ఆప్టిఫైన్ లాంటివి మిషన్‌కు సాయం. పాత ల్యాప్‌టాప్‌లో తడబడే ఆట వాటితో సాఫీగా నడుస్తుంది. ఎక్స్‌రే కంటికి సాయం. దానంతటదే గురిపెట్టే ఎయిమ్‌బాట్ చేతికి సాయం. మిషన్‌కు చేసే సాయం కొన్నిసార్లు కంటికి చేసే సాయంగా మారుతుంది. గ్రాఫిక్స్ తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే ఒక దగ్గర గడ్డి మాయమవుతుంది, గడ్డిలో పడుకున్నవాడు బయటపడిపోతాడు. వాడి స్క్రీన్ మీద గడ్డి ఉంటుంది కాబట్టి తాను కనిపించట్లేదనే అనుకుంటాడు.

తాళం పద్ధతికి పెద్ద ఉదాహరణలు మనవాళ్లు రోజూ ఆడే తుపాకీ ఆటలు బీజీఎమ్‌ఐ, వాలరెంట్. ఆట ఫైళ్లు ముట్టుకోకూడదు, బయటి సాఫ్ట్‌వేర్ వాడకూడదు, దొరికితే అకౌంట్ పోతుంది. దీన్ని నియంతృత్వమని తిట్టేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ర్యాంక్ మ్యాచ్‌లో మనకు ఎదురుపడేది ముక్కూమొహం తెలియనివాడు. వాడితో ముందుగా కూర్చుని మాట్లాడుకునే వీలుండదు. రాత్రి పదింటికి కల్లూరులో ఒక పిల్లవాడు ఫోన్‌లో మ్యాచ్ మొదలుపెడితే, అవతల ఎవరున్నా అదే ఆట ఆడుతున్నారన్న భరోసా వాడికి కంపెనీయే ఇవ్వాలి. ఇంకెవరూ ఇవ్వలేరు.

కానీ ఈ తాళానికి ఖర్చుంది. వాలరెంట్‌తోపాటు వచ్చే, మోసాన్ని పట్టుకునే వాన్‌గార్డ్ ప్రోగ్రామ్ విండోస్ స్టార్టయ్యేటప్పుడే లేచి కూర్చుంటుంది, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ దాకా పోయి పనిచేస్తుంది. మనం ఆడినా ఆడకపోయినా కంప్యూటర్ మీద దానికి అంత అధికారం ఇచ్చినట్టే. విండోస్ 11లో అయితే కంప్యూటర్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉంటేనే ఆట తెరుచుకుంటుంది. పాత సిస్టమ్‌లతో బతికే చిన్న సెంటర్లకు ఇది బరువే. తాళానికి దొంగెవరో, దొరెవరో తేడా తెలియని సందర్భాలూ ఉంటాయి. మా సెంటర్‌కొచ్చే ఒక డిగ్రీ కుర్రాడి అకౌంట్ ఒక ఆటలో పోయింది. స్క్రీన్ వెలుతురు పెంచే ప్రోగ్రామ్ తప్ప ఇంకేమీ పెట్టలేదంటాడు, నేను వాణ్ని నమ్ముతా. రెండుసార్లు అప్పీలు పెట్టుకున్నాడు, రెండుసార్లూ అచ్చు ఒకే జవాబు వచ్చింది. రెండేళ్ల ఆట పోయింది, కారణం ఏ మనిషీ చెప్పలేదు.

ఇంకో విషయం నన్ను బాగా కలచివేస్తుంది. ఈ రోజు మనం ఆడే పెద్ద ఆటల్లో చాలా మోడ్‌ల కడుపున పుట్టినవే. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్‌కు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మోడ్. డోటా వార్‌క్రాఫ్ట్ 3 మీద ఆటగాళ్లు అల్లుకున్న మ్యాప్. ఆర్మా 2కు డేజెడ్ అని ఒక మోడ్ వస్తే, దాని మీద బ్రెండన్ గ్రీన్ చివరికి ఒక్కడే మిగిలే బ్యాటిల్ రాయల్ మోడ్ కట్టాడు. ఆర్మా 3కీ చేశాడు. ఆ దారిలోనే 2017లో పబ్జీ వచ్చింది, దాని వారసత్వమే మన ఫోన్లలోని బీజీఎమ్‌ఐ. అప్పట్లో ఆర్మా చేసినవాళ్లు తలుపు మూసి ఉంటే ఈ రోజు మా సెంటర్లో పిల్లలు గెలిచి చికెన్ డిన్నర్ అని అరిచేవాళ్లే కాదు. ర్యాంక్ మ్యాచ్‌లకు తాళం వేయండి, సమంజసమే. ఆట మొత్తానికి వేస్తే రేపటి ఆట ఎక్కణ్నుంచి పుడుతుంది?

రెండోది జాబితా. కాగితం మీద ఇదే అన్నిటికన్నా తెలివైన పద్ధతిలా కనిపిస్తుంది. నడపడం మాత్రం అన్నిటికన్నా కష్టం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదట్నుంచీ యాడాన్‌లకు, అంటే ఆటగాళ్లు ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లకు, చోటిచ్చారు. ఆటలోని ఏ సమాచారం యాడాన్‌కు అందాలో, ఏది అందకూడదో గీత గీసే అధికారం ఆ ఆట చేసిన బ్లిజార్డ్ తన చేతిలో పెట్టుకుంది. 2009లో ఒక మంచి నియమం పెట్టారు: యాడాన్‌లు ఉచితంగానే ఇవ్వాలి, లోపలి కోడ్ అందరూ చదవగలిగేలా ఉండాలి. డబ్బున్నవాడికి మంచి యాడాన్, లేనివాడికి లేదు అనే పరిస్థితికి ఆ ఒక్క నియమం అడ్డం పడింది. నాకు ఇది చాలా నచ్చుతుంది. మన దగ్గర తగువు చాలాసార్లు నైపుణ్యం దగ్గర మొదలవదు, జేబు దగ్గర మొదలవుతుంది.

అయినా గీత కదులుతూనే ఉంది. ఏవీఆర్ అనే యాడాన్ ఆటలోని నేల మీదే గీతలు, వలయాలు గీసి ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించేది. 2010లో బ్లిజార్డ్ అది పనిచేయకుండా చేసింది. తర్వాత యాడాన్‌లు ఇంకా ముదిరాయి. పెద్ద బాస్‌తో పోరాడేటప్పుడు బుర్ర వాడాల్సిన చోట యాడాన్ చెప్పిందే చేసే స్థితి వచ్చింది. బాస్‌లను తయారుచేసేవాళ్లు కూడా అందరి దగ్గరా యాడాన్ ఉంటుందనే లెక్కతో కష్టం పెంచారు. ఇక అది లేనివాడు ఆటలో నిలవడమే గగనం. చివరికి 2025లో, మిడ్‌నైట్ అనే తర్వాతి పెద్ద భాగంతో పోరాట సమాచారాన్ని యాడాన్‌లు లెక్కగట్టే దారులు మూసేస్తామని, కావలసినవి ఆటలోనే ఇస్తామని కంపెనీ ప్రకటించింది. వాడుకోవచ్చు అని మొదలైన వస్తువు వాడక తప్పదు అయ్యేదాకా పోతుందన్నది ఈ కథలో నేను చూసిన ప్రమాదం. అనుమతి జాబితా రాసే ప్రతివాడూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

జాబితాకు వికారమైన తమ్ముడొకడున్నాడు: రాతలో నిషేధం, ఆచరణలో చూసీచూడనట్టు వదిలేయడం. ఫైనల్ ఫాంటసీ 14లో బయటి టూల్స్ అన్నీ నిషేధమే, అయినా చాలామంది గుట్టుగా వాడతారు. 2023 మొదట్లో ఒమేగా ప్రొటోకాల్ అనే మహా కష్టమైన పోరాటాన్ని లోకంలోనే మొదటగా గెలిచిన జట్టు, బయటి టూల్‌తో కెమెరాను మామూలుకన్నా దూరం లాగి ఆడిందని వీడియో బయటికొచ్చింది. దాన్ని అసలైన తొలి విజయంగా గుర్తించేది లేదని నిర్మాత నవోకీ యోషిదా స్పష్టంగా రాశాడు. ఆయన చేసింది సరైనదే. అయితే ఇట్లాంటి పద్ధతిలో దెబ్బతినేది ఎవరంటే, నియమం చదివి నిజంగా పాటించినవాడు. వాడు ఖాళీ చేతులతో ఆడతాడు, పక్కవాడు దొరికేదాకా అన్నీ పెట్టుకుని ఆడతాడు. అమలు చేయలేని నిషేధం కన్నా అనుమతే నయం, అప్పుడు కనీసం అందరికీ తెలుస్తుంది.

జాబితా లేనప్పుడు వాడినదాన్ని మోసమనొచ్చా? ఇది నన్ను చాలా రోజులు వేధించింది. 1979లో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ పట్టుకుని దిగాడు. బ్యాట్ కట్టెతోనే చేయాలని అప్పటికి నియమం లేదు, ఆ తర్వాతే చేర్చారు. మన కాలంలో దీనికి జోడు కీబోర్డుల్లో వచ్చే స్నాప్ ట్యాప్. కౌంటర్ స్ట్రైక్‌లో కుడివైపు పరిగెత్తేవాడు ఎడమకు తిరగాలంటే ఒక మీట వదిలి ఇంకోటి నొక్కాలి. మధ్యలో సందు రాకుండా నొక్కడం ఏళ్ల సాధన. కొత్త ఖరీదైన కీబోర్డులు ఆ పని తామే చేసిపెట్టడం మొదలుపెట్టాయి. 2024 ఆగస్టులో ఆ ఆట నడిపే వాల్వ్ ఇట్లాంటి ఆటోమేషన్‌ను కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది, దొరికితే మ్యాచ్‌లోంచి బయటికి పంపిస్తుంది. ఆగస్టుకు ముందు కొన్నవాణ్ని దొంగ అనలేం. నియమం వచ్చాక కూడా వాడితే అనాల్సిందే. మా ఎక్స్‌రే కుర్రాడి విషయంలోనూ నేను ఇదే తీర్పు చెప్పుకున్నా. వజ్రాలు వెనక్కి తీసుకున్నా కానీ వాణ్ని సర్వర్ నుంచి తీసేయలేదు.

సొంత సర్వర్ గురించి చెప్పాలంటే హాస్టల్ రోజులకు పోవాలి. డిప్లొమా చదివేటప్పుడు రాత్రి వార్డెన్ పడుకున్నాక ఒకడు హాట్‌స్పాట్ ఆన్ చేసేవాడు, పది పన్నెండు మందిమి మినీ మిలీషియా అనే ఫోన్ తుపాకీ ఆటలో దిగేవాళ్లం. ఒక రోజు ఒకడు ఎక్కడిదో మోడ్ ఏపీకే (ఆట ఇన్‌స్టాల్ చేసే ఫైలు) తెచ్చుకున్నాడు. వాడికి ఎగరడానికి కావలసిన నైట్రో అయిపోదు, వాడి తూటాలు అయిపోవు, ఆకాశంలోనే ఉంటాడు. రెండు రాత్రులు గొడవ. మూడో రాత్రి అదే ఫైలు షేర్‌ఇట్‌లో అందరికీ పాకింది. అందరి దగ్గరా ఒకటే మోడ్, అందరూ సమానమే. అయినా ఆట చచ్చిపోయింది. ఎవడూ దిగడు, ఎవడూ చావడు, పది నిమిషాలకు ఒక్కొక్కడు ఫోన్ పక్కన పడేసి పడుకున్నాడు. అందరికీ సమానంగా ఉంటే చాలు న్యాయమే అనేవాళ్లకు నేను ఈ రాత్రి గురించే చెప్తా. చివరికి మా సీనియర్ ఒకాయన అందరి ఫోన్లలో మోడ్ తీయించి, అసలు ఆట ఏపీకేను తన ఫోన్ నుంచి అందరికీ పంపించి, మాటల్లోనే నియమాలు పెట్టాడు: స్నైపర్ వద్దు, రాకెట్ లాంచర్ వద్దు, పుట్టిన చోటే కాపుకాసి చంపొద్దు. ఆ నెల ఆడినంత బాగా మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

సొంత సర్వర్ పద్ధతి బలమంతా అక్కడుంది. ఏం పెట్టుకోవాలో ముందుగా మాట్లాడుకుంటారు, ఆట చెడితే మళ్లీ కూర్చుని మార్చుకుంటారు. ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో కలిసి ఆడాలంటే ఆ సర్వర్‌లో ఉన్న మోడ్‌లే అందరి దగ్గరా ఉండాలి, లేకపోతే లోపలికి రాలేరు. జీటీఏ 5కు సొంత సర్వర్లు పెట్టుకునేలా ఫైవ్‌ఎమ్ అనే మోడ్ వచ్చింది. మొదట్లో, 2015లో, దాన్ని చేసినవాళ్ల అకౌంట్లను జీటీఏ చేసిన రాక్‌స్టార్ మూసేసింది. 2023లో అదే రాక్‌స్టార్ ఆ జట్టును తనలో కలుపుకుంది. ఎనిమిదేళ్లలో ఎంత మార్పు! అసలు ఆన్‌లైన్ ఆటకు దూరంగా, వేరే సర్వర్‌లో, లోపలికొచ్చేవాడికి తెలిసి జరిగే మార్పు ఎవరికీ అన్యాయం చేయదని వాళ్లకూ అర్థమైందనుకుంటా.

మా సీమలో తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పాలపళ్ల జత వేరే, రెండు పళ్ల జత వేరే, ఆరు పళ్ల జత వేరే. పళ్లు చూసి విభాగం తేల్చాకే కాడి కడతారు. సీనియర్ జత బలంగా ఉండటం తప్పు కాదు. పాలపళ్ల పోటీలోకి దాన్ని తోలుకొస్తేనే తప్పు.

అయితే ఈ పద్ధతిలో గుత్తాధిపత్యం అడ్మిన్ చేతికి, అంటే సర్వర్ నడిపేవాడి చేతికి, పోతుంది. నేను ఒకప్పుడు ఆడిన ఒక సర్వర్‌లో నాలుగొందలు ఫోన్‌పే చేస్తే పగలని కత్తి, ఎగిరే శక్తి ఇచ్చేవాళ్లు. స్కూలు పిల్లలు అమ్మ ఫోన్ నుంచి కొట్టి కొనుక్కునేవాళ్లు. మైన్‌క్రాఫ్ట్ చేసిన మొజాంగ్ 2014లోనే ఈ విషయంలో గట్టిగా చెప్పింది: అలంకరణకు డబ్బు తీసుకోవచ్చు, ఆటలో పైచేయి ఇచ్చేవాటికి తీసుకోకూడదు. పాటించని సర్వర్లు ఇంకా ఉన్నాయి. కొన్నిచోట్ల అడ్మిన్ స్నేహితులకు ఒక చట్టం, కొత్తగా వచ్చినవాడికి ఇంకో చట్టం. కంపెనీ తాళం గుడ్డిదే కావచ్చు, పక్షపాతం మాత్రం ఉండదు. మన అడ్మిన్‌కు కళ్లున్నాయి, చుట్టాలూ ఉన్నారు. ఈ బలహీనతను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే మా సర్వర్‌కు ఆ అడ్మిన్ నేనే.

ఏది మేలంటే నా జవాబిది. తెలియనివాళ్లతో ర్యాంక్ కోసం, బహుమతి కోసం ఆడేచోట తాళమే మేలు, అక్కడ నాకు రెండో మాట లేదు. అయితే అకౌంట్ తీసేసినప్పుడు మనిషి చదివి కారణం చెప్పే అప్పీలు ఉండాలి. తెలిసినవాళ్లతో ఆడేచోట సొంత సర్వరే మేలు, నియమాలు ముందుగా రాసి పెట్టి, అడ్మిన్‌కూ అవే వర్తిస్తేనే. జాబితా ఒంటరిగా నిలబడలేదు కానీ ఈ రెండింటికీ అది కావాలి. ఎందుకంటే మిషన్‌కు సాయం చేసే మోడ్‌ను కూడా నిషేధిస్తే లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ఉన్నవాడు గెలిచినట్టే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు ఫోన్ పెనంలా కాలిపోయి ఆట నత్తనడక నడుస్తుంటే, సెటింగ్‌లు తగ్గించుకుని ఆడే పిల్లవాణ్ని మోసగాడి పక్కన నిలబెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మా సర్వర్ నియమాలు ఇప్పుడు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించా, లోపలికి రాగానే స్క్రీన్ మీదా కనిపిస్తాయి. సోడియం, ఆప్టిఫైన్ వాడొచ్చు. బొమ్మలు, రంగులు మార్చుకోవచ్చు. ఎక్స్‌రే, దానంతటదే మౌస్ నొక్కే క్లిక్కర్లు, ఎగరడం కుదరవు. కొత్త మోడ్ తేవాలంటే ముందు అందరికీ చూపించాలి. నేను పోటీలో ఆడే రోజు అడ్మిన్ అధికారం ఇంకొకరి చేతిలో ఉంటుంది. సర్వర్‌ను పేపర్ అనే సాఫ్ట్‌వేర్‌కు మార్చి, అందులోని యాంటీ ఎక్స్‌రే కూడా పెట్టా. ఎక్స్‌రేతో చూసేవాడికి అది రాయి నిండా దొంగ వజ్రాలు చూపిస్తుంది, ఏది నిజమో తేలదు. ఎక్స్‌రే ప్యాక్ పెట్టుకున్న కుర్రాడే దాన్ని పరీక్షించి పెట్టాడు. అరగంట తవ్వి, "అన్నా, అంతా రాయేన్నా" అన్నాడు.

ఓర్వకల్లు అబ్బాయి ఇప్పుడు ఇంట్లో వాళ్లన్న పాత ల్యాప్‌టాప్‌లో సోడియం వేసుకుని ఆడుతున్నాడు. స్క్రీన్ మూలలో చుట్టుపక్కల మ్యాప్ చూపించే మినీమ్యాప్ మోడ్ ఒక్కటే ఇంకా తేలలేదు. దారి తప్పకుండా ఉంటుందని చిన్నపిల్లలు కావాలంటున్నారు. అందులో మనుషుల చుక్కలు కూడా కనిపిస్తాయని పెద్దవాళ్లు వద్దంటున్నారు. చుక్కలు, గుహలు తీసేసి దారి మాత్రమే చూపించేలా సెటింగ్‌లు మార్చిన ఫైలు ఒకటి సిద్ధం చేశా. ఈ ఆదివారం అందరూ వచ్చాక పెద్ద స్క్రీన్ మీద వేసి చూపించి చేతులెత్తమంటా.